దగ్గరి లాఠీ, దూరపు లాఠీ

పోలీసు ప్రజలకు దగ్గరగా ఉండాలా, దూరంగా ఉండాలా అని అడిగితే మనవాళ్ళలో చాలామంది నవ్వుతారు. ఎంత దూరంగా ఉంటే అంత మంచిదనేది మనకు తాతల నాటి నుంచి వస్తున్న జవాబు. ఆ జవాబులో అనుభవం ఉంది. దాన్ని తీసిపారేయడానికి వీలులేదు. కాని దానితో సరిపెట్టుకుంటే ఒక చిక్కు వస్తుంది. దొంగలు పడిన ఇంటివాడికీ, తాగివచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తినే ఇల్లాలికీ, తప్పిపోయిన బిడ్డ కోసం వీధులు పట్టుకు తిరిగే తల్లికీ పోలీసు అందుబాటులో లేకపోవడం క్షేమం కాదు, దిక్కులేనితనం. అంటే ఒకే మనిషికి ఒక పూట పోలీసు దూరంగా ఉండాలి, మరొక పూట దగ్గరగా ఉండాలి. ఈ వైరుధ్యాన్ని ఏ పరిపాలనా పద్ధతి తీర్చగలదు?

ఇది ఊహాలోకపు ప్రశ్న కాదు. 2013లో యూరపులోని రెండు చిన్న దేశాలు దీనికి దాదాపు ఒకే జవాబు చెప్పాయి. ఆ ఏడు జనవరి 1న నెదర్లాండ్సు తన 25 ప్రాంతీయ పోలీసు దళాలనూ, వాటితోపాటు ఉన్న ఒక కేంద్రదళాన్నీ కలిపి ఒకే జాతీయ పోలీసుగా మార్చింది. మూడు నెలల తర్వాత ఏప్రిల్ 1న స్కాట్లండు తన 8 ప్రాంతీయ దళాలను రద్దుచేసి ఒకే దళాన్ని ఏర్పరచింది. పదిహేడు వేల పైచిలుకు పోలీసులు ఒక్క ఛీఫ్ కానిస్టేబులు కిందికి వచ్చారు.

ఎక్కడో ఉన్న పోలీసుల సంగతి మనకెందుకని ఎవరైనా అనవచ్చు. పోలీసుల కోసం కాదు, వారి వెనక నిలబడి ఉన్న నైతిక ప్రశ్న కోసం. సాటి మనిషి మీద చెయ్యివేసే అధికారం ఎక్కడ ఉండాలి? ఆ చెయ్యి ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి? సామర్థ్యం పేరుతో ఆ అధికారాన్ని, దాని ఫలితం అనుభవించే జనానికి అందనంత దూరం తరలించడం న్యాయమా? ఈ ప్రశ్నలకు స్కాట్లండు అనుభవం మంచి గీటురాయి.

1

ముందు చరిత్ర. 1800లో గ్లాస్గో నగరం ప్రత్యేక చట్టం ద్వారా తన పోలీసును ఏర్పరచుకుంది. లండను మహానగర పోలీసు పుట్టింది 1829లో. అంటే గ్లాస్గో పోలీసు దానికంటే 29 ఏళ్ళు పెద్ద. తరువాత పట్టణాల్లోనూ జిల్లాల్లోనూ విడివిడి దళాలు వెలిశాయి. కాలక్రమాన అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతూ 1975 నాటికి ఎనిమిదిగా తేలాయి. దేశజనాభాలో ఐదింట రెండు వంతులకు పైగా ఉన్న గ్లాస్గో పరిసరాలను ఏలే స్ట్రాత్‌క్లైడు దళం ఒక కొస. కొండలకూ దీవులకూ కాపలాకాసే ఉత్తరపు దళం మరొక కొస. కాబట్టి దళాలను కలపడమనేది 2013లో ఆకాశం నుంచి ఊడిపడిన ఆలోచన కాదు. అది రెండు శతాబ్దాలుగా ఒకే దిక్కుకు ప్రవహిస్తున్న ఏరు.

అయితే ఆ ఏటికి ఆఖరి వాలు ఎక్కడ దొరికింది? ఖజానాలో. 2008లో బాంకులు మునిగాయి. వాటిని ఒడ్డుకు చేర్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం ప్రజాధనాన్ని కుమ్మరించి, ఆ తర్వాత పొదుపు మంత్రం అందుకుంది. బాంకులు మునిగితే గ్రంథాలయాలు మూతపడటం ఆ వ్యవస్థలో సహజధర్మం. స్కాట్లండుకు వచ్చే నిధులు తగ్గాయి. కాని స్కాట్లండులోని పాలకపక్షం 2007లోనే వెయ్యిమంది పోలీసులను అదనంగా నియమిస్తామని వాగ్దానం చేసి ఉంది. పోలీసులను తగ్గించడానికి మాట అడ్డం, ఉన్నట్టు ఉంచడానికి డబ్బు అడ్డం. మిగిలిన దారి ఒక్కటే: ఎనిమిది కార్యాలయాలను ఒకటి చేయడం, గుమాస్తాలను తగ్గించడం, కంట్రోలు రూములను మూయడం. 2026 నాటికి 110 కోట్ల పౌన్లు మిగులుతాయని లెక్క చూపించారు. 2012లో పార్లమెంటు చట్టం చేసింది. లిబరల్ డెమోక్రాట్లు వ్యతిరేకించారు. 

ఈ పొదుపులో ఒక విడ్డూరం ఉంది. పాత దళాలు స్థానిక సంస్థల కిందికి వచ్చేవి గనుక, తాము కొనే వస్తువుల మీద చెల్లించిన అమ్మకపు పన్నును లండను ఖజానా నుంచి తిరిగి రాబట్టుకునేవి. కొత్తదళం నడిచేది కేంద్రీకృత నిధులతో. కాబట్టి దానికి ఆ హక్కు లేకుండా పోయింది. ఏటా రెండు కోట్ల పౌన్లకు మించి ఇలా పోయింది. 2018 మార్చి నుంచి గాని ఆ మినహాయింపు దొరకలేదు. పాతదళం ఊరిది, కొత్తదళం ప్రభుత్వానిది అనే తేడాను రాజకీయవాదులు ఒప్పుకోకపోయినా, పన్నుల గుమాస్తా మటుకు మొదటిరోజునే కనిపెట్టాడు!

2

విలీనాన్ని సమర్థించేవారి వాదాన్ని దాని బలహీనమైన చోట కొట్టడం సులభం. బలమైన చోట ఎదుర్కొనడమే న్యాయం. ఆ బలమైన వాదం పొదుపు గురించి కాదు, సమానత్వం గురించి.

గ్లాస్గోలో అత్యాచారానికి గురైన స్త్రీకి ఆరితేరిన దర్యాప్తు అధికారులు దొరికి, ఎక్కడో ఉత్తర సముద్రపు దీవిలో అదే ఘోరానికి గురైన స్త్రీకి దొరకకపోతే, ఆ వ్యత్యాసానికి 'స్థానిక స్వాతంత్ర్యం' అని పేరుపెట్టడం సిగ్గుచేటు. చిన్నదళానికి అటువంటి నిపుణులను పోషించే స్తోమత ఉండదు. భార్యను కొట్టి ఒక ప్రాంతం వదిలి వేరొక ప్రాంతంలో కాపురం పెట్టినవాడి చరిత్ర పాత ఠాణా బీరువాలోనే ఉండిపోతే, నష్టపోయేది రెండో స్త్రీ. కొత్తదళం ఏర్పడిన ఏడాదే అత్యాచారాల దర్యాప్తుకు ఒకటీ, గృహహింసకు ఒకటీ దేశవ్యాప్తమైన ప్రత్యేక విభాగాలు వచ్చాయి. దేహం మీద దెబ్బ లేకపోయినా, భార్యను అదుపులో పెట్టి హింసించడం నేరమేనని చెప్పే చట్టం 2018లో వచ్చి 2019 ఏప్రిల్ నుంచి అమలైంది. అటువంటి చట్టాన్ని మూలమూలనా ఒకే తీరుగా అమలుజరపడానికి ఏకదళం ఎంతైనా అనువు.

దీన్ని మనం కాదనరాదు. 'ఊరి సంగతి ఊరివాళ్ళకే తెలుసు' అనే మాట వెనక తరతరాలుగా ఎంతమంది స్త్రీల ఏడుపులు అణగిపోయాయో మనకు తెలియనిది కాదు. నైపుణ్యం ప్రజల సొత్తు. ఎవరు ఎక్కడ పుట్టారన్నదాన్ని బట్టి దాన్ని పంచకూడదు. ఇంతవరకు విలీనవాదులది పైచెయ్యి.

3

కాని ఇక్కడే వారు ఒక మాటకు బదులు మరొక మాటను మనకు అంటగడుతున్నారు. సమానత్వం వేరు, ఏకరూపత వేరు. అవసరమున్న ప్రతివారికీ వైద్యుడు దొరకాలనడం సమానత్వం. అందరికీ ఒకే మందు పొయ్యాలనడం ఏకరూపత. మొదటిది న్యాయం, రెండోది బద్ధకం.

కొత్తదళానికి మొదటి అధిపతి సర్ స్టీఫెన్ హౌస్. అంతకుముందు ఆయన స్ట్రాత్‌క్లైడు అధిపతి. గ్లాస్గోలో కత్తిపోట్ల బెడద ఉండేది. దానికి మందుగా వీధిలో మనుషులను ఆపి సోదాచేసే పద్ధతిని ఆ దళం విరివిగా వాడింది. విలీనం తరువాత ఆ పద్ధతి కత్తిపోట్ల బెడద అంతగా లేని చోట్లకు కూడా పాకింది. 2014లో ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కాత్ మర్రీ వెల్లడించిన విషయాలు దేశాన్ని ఉలికిపడేలా చేశాయి. విలీనానికి ముందే, 2010లో, స్కాట్లండులో జనాభాను బట్టి చూస్తే సోదాలు ఇంగ్లండు, వేల్సుల కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఆ సోదాల్లో సగానికి బాగా మించి చట్టం ప్రకారం అనుమానానికి ఆధారం చూపించి చేసినవి కావు, 'సమ్మతి'తో చేసినవి. పదేళ్ళు, అంతకు లోపు వయసున్న పిల్లలను సోదాచేసిన సందర్భాలు ఆ ఒక్క ఏడాదిలో 500 వరకు ఉన్నాయి.

ఈ 'సమ్మతి' అనే మాట దగ్గర ఒక క్షణం ఆగుదాం. బ్రిటిష్‌వారు తమ పోలీసు గురించి చెప్పుకునే గొప్ప ఏమంటే, అది ప్రజల సమ్మతి మీద నడుస్తుందని. సమ్మతి అంటే ఏమిటి? కాదనే వీలున్నవాడు అవునంటే అది సమ్మతి. కాదంటే ఏమవుతుందో తెలియనివాడు అవునంటే అది భయం. నిక్కరు వేసుకున్న పదేళ్ళ కుర్రవాడు ఆరడుగుల యూనిఫారం ముందు నిలబడి జేబులు తిరగేయడం సమ్మతి అయితే, జమీందారు కచేరీలో వెట్టివాడు చేతులు కట్టుకోవడం కూడా సమ్మతే. కౌలుదారు సమ్మతి, కార్మికుడి సమ్మతి, కొత్తకోడలి సమ్మతి, ఇటువంటి సమ్మతుల చరిత్ర మన సాహిత్యానికి కొత్తది కాదు. బలవంతుడు దయతో అడిగినంతమాత్రాన బలహీనుడికి స్వేచ్ఛ రాదు.

పన్నెండేళ్ళలోపు పిల్లలను ఇట్లా సోదాచేయడం మానేస్తామని 2014లో పోలీసు ఉన్నతాధికారులు పార్లమెంటు సంఘం ముందు చెప్పారు. ఆ తర్వాత కూడా అటువంటి సోదాలు జరిగాయని 2015 ఫిబ్రవరిలో బయటపడింది. అప్పుడు న్యాయవాది జాన్ స్కాట్ అధ్యక్షతన సలహాసంఘం వేశారు. దాని సిఫారసు మీద 2016లో చట్టం వచ్చి, 2017 మే 11 నుంచి 'సమ్మతి సోదా' రద్దయింది. సోదాచేయాలంటే చట్టం చూపిన కారణం ఉండాలి.

తుపాకుల సంగతి దీనికి తోబుట్టువు. స్కాట్లండులో మామూలు పోలీసు తుపాకి పట్టడు. ఉత్తరాది కొండప్రాంతాల్లో కొద్దిమంది శిక్షణ పొందిన పోలీసులకు తుపాకులున్నా అవి బండిలో తాళం వేసిన పెట్టెలో ఉండేవి. విలీనం తర్వాత అవి నడుముకు ఎక్కాయి. 2014లో ఇన్వర్నెస్ పట్టణవాసులు మామూలు గస్తీ తిరిగే పోలీసు మొలకు పిస్తోలు వేలాడటం చూసి నిర్ఘాంతపోయారు. సాయుధులు దళం మొత్తం మీద మూడు వందల లోపే. నేరాలు చూస్తే ఆ దేశంలోకెల్లా ప్రశాంతమైన ప్రాంతాల్లో అదొకటి. మరి ఎవరడిగారు ఈ తుపాకులను? ఎవరూ అడగలేదు. దేశమంతటికీ ఒకటే పద్ధతి గనుక అక్కడికీ వచ్చాయి. పూర్వాశ్రమంలో పోలీసు ఉద్యోగిగా పనిచేసిన ఆ ప్రాంతపు శాసనసభ్యుడు జాన్ ఫినీ గట్టిగా నిలదీశాడు. 'ఇది వృత్తిపరమైన నిర్ణయం, మీరు జోక్యం చేసుకోరాదు' అన్నది మొదటి జవాబు. అల్లరి పెరిగాక 2014 అక్టోబరులో వెనక్కి తగ్గారు; ప్రాణాపాయం, ఆయుధప్రయోగం ఉన్నచోటికి మాత్రమే సాయుధులను పంపుతామన్నారు.

ఇక్కడ తప్పు ఎక్కడుంది? తుపాకి కట్టమన్న అధికారి దుర్మార్గుడని నేననడం లేదు. ఆయన తన లెక్కల ప్రకారం ఆలోచించి ఉంటాడు. కాని ఆయన ఆ వీధిలో నడవడు. ఆ వీధిలో నడిచేవాడిని ఆయన అడగలేదు. అడగవలసిన అగత్యం ఆయనకు లేదు. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అనే ప్రశ్న తరువాతది. దాన్ని భరించేవాడికి 'ఎందుకు?' అని అడిగే తావు ఉందా లేదా అన్నది మొదటిది.

4

దూరం వల్ల వచ్చేది ఒక్క దౌర్జన్యమే కాదు. నిర్లక్ష్యం కూడా వస్తుంది. అది ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది.

2015 జూలై 5న స్టర్లింగు సమీపంలో పెద్దరోడ్డు మీద పోతున్న ఒక కారు అదుపుతప్పి గట్టు కిందికి దొర్లింది. అందులో ఇద్దరు యువకులు, ఒక మగ, ఒక ఆడ. దారినపోయే మనిషి ఒకరు గమనించి పోలీసులకు ఫోను చేశారు. ఆ ఫోను ఎడింబరో వెలుపల ఉన్న పెద్ద కేంద్రంలో మోగింది. ఒక పోలీసు అధికారి తీశాడు. విన్నాడు. కాని అది కంప్యూటరులోకి ఎక్కలేదు. ఎక్కలేదు గనుక ఎవరినీ పంపలేదు. పంపలేదు గనుక మూడు రోజులపాటు ఆ కారు అక్కడే పడి ఉంది. జూలై 8న మరొకరు చెప్పగా వెళ్ళి చూస్తే, అతను చనిపోయి ఉన్నాడు. ఆమె ప్రాణంతో ఉంది. నాలుగు రోజుల తరువాత ఆమె కూడా ఆస్పత్రిలో చనిపోయింది.

2021 సెప్టెంబరులో హైకోర్టులో పోలీసు సంస్థ నేరం ఒప్పుకుంది. తమ వైఫల్యం ఆమె మరణానికి గణనీయంగా దోహదపడిందని అంగీకరించింది. న్యాయస్థానం లక్ష పౌన్ల జరిమానా విధించింది. ఆ జరిమానా కట్టినదీ ప్రజలధనంతోనే.

ఇది విలీనం వల్లనే జరిగిందని అనడం తొందరపాటు. ఫోను ఎత్తి మరిచిపోవడం చిన్న ఠాణాలో కూడా జరగవచ్చు. కాని ఆ కాలంలోనే ప్రాంతీయ కంట్రోలు రూములను మూసి, కబుర్లన్నీ కొద్ది కేంద్రాలకు మళ్ళిస్తున్నారు. పని పెరుగుతున్నది, మనుషులు చాలడం లేదు అనే ఆందోళన ఉద్యోగుల నుంచి ముందే వినిపించింది. చిన్న ఠాణాలో వార్త ఒకరి నోట పడితే మరొకరి చెవిన పడుతుంది. 'ఆ వంతెన దగ్గర కారు సంగతి ఏమైంది?' అని టీ తాగుతూ అడిగేవాడు ఒకడుంటాడు. మహాకేంద్రంలో యంత్రానికి ఎక్కనిది లోకంలో జరగనట్టే లెక్క. జ్ఞాపకాన్ని మనుషుల దగ్గరి నుంచి తీసి యంత్రం చేతిలో పెట్టినవాళ్ళు, యంత్రం మరిచిపోతే గుర్తుచేసేది ఎవరని ఆలోచించి ఉండవలసింది. పొదుపు పట్టికలో గదికి కట్టే అద్దె కనిపిస్తుంది. టీ తాగుతూ అడిగే ప్రశ్న కనిపించదు.

5

ఇంతవరకు చదివినవారు, 'అయితే మళ్ళీ ఎనిమిది దళాలు చేయమంటారా?' అని అడుగుతారు. నేను ఆ పక్షం కూడా కాదు. చిన్నది సుందరం, దగ్గరిది మంచిది అనే భావుకత మన ఆరోగ్యానికి మంచిది కాదు.

బ్రిటన్‌లో 1984-85 నాటి గని కార్మికుల సమ్మెను తలుచుకుందాం. అప్పుడు జాతీయ పోలీసు లేదు. ఇంగ్లండులోనూ వేల్సులోనూ కలిపి 43 దళాలు, స్కాట్లండులో 8. స్థానిక స్వాతంత్ర్యం చట్టంలో భద్రంగా ఉంది. కాని గనులను మూసివేయాలనీ, సంఘాన్ని విరగగొట్టాలనీ ప్రభుత్వం నిశ్చయించుకున్నప్పుడు లండనులోని ఒక సమాచార కేంద్రం ద్వారా దేశం నలుమూలల నుంచి వేల పోలీసులు బొగ్గుగనుల ఊళ్ళకు తరలివచ్చారు. 1984 జూన్ 18న ఓర్‌గ్రీవ్‌లో కార్మికుల మీద గుర్రాలను తోలారు. చట్టం పుస్తకంలో యాభై దళాలు, వీధిలో ఒక్కటే దళం! స్కాట్లండులో అరెస్టయి శిక్షలు పడిన గని కార్మికులు ఆ మచ్చతోనే ముసలివాళ్ళయ్యారు. 2022లో స్కాట్లండు పార్లమెంటు చట్టం చేసి వారికి క్షమాపణ ప్రసాదించింది. దానికి ముందు విచారణ జరిపిన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆ జాన్ స్కాట్ గారే. క్షమించవలసింది ఎవరు ఎవరినన్నది వేరే ప్రశ్న.

మన అనుభవం కూడా ఈ మాటే చెబుతుంది. 1940ల చివర కృష్ణాజిల్లా పల్లెల మీద పడిన మలబారు స్పెషల్ పోలీసులకు మన భాష రాదు. ఏడుపు అర్థం కాకపోవడం వారి పనికి అనుకూలించింది. అది దూరపు లాఠీ. కాని నిజాం రాజ్యంలో పోలీసు పటేలు ఎక్కడివాడు? ఆ ఊరివాడే. ప్రతి ఇల్లూ తెలుసు, ప్రతి కులమూ తెలుసు, ఎవడి చేలో ఏముందో తెలుసు. ఆ తెలివినంతా గడీ అరుగు మీద కూర్చుని దొరకు విన్నవించేవాడు. అది దగ్గరి లాఠీ. దెబ్బతిన్న వీపుకు రెంటికీ తేడా ఏమీ లేదు.

స్కాట్లండు పాత దళాల మీద అజమాయిషీకి స్థానిక కౌన్సిలర్ల బోర్డులుండేవి. ఆ బోర్డులు అధిపతులను గట్టిగా ప్రశ్నించలేకపోతున్నాయని అప్పటి తనిఖీ నివేదికలే విమర్శించాయి. పేరుకు ప్రజాప్రతినిధులు, పనికి తలలూపేవారు. కుర్చీ దగ్గరగా వేసినంతమాత్రాన నోరు వస్తుందని లేదు.

మరొక విషయం. 2023 మే నెలలో అప్పటి ఛీఫ్ కానిస్టేబులు సర్ ఇయాన్ లివింగ్‌స్టన్, తమ దళంలో జాతివివక్ష, ఇతర వివక్షలు వ్యవస్థాగతంగా ఉన్నాయని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ మాట ఒక్కనోట దేశమంతటి పోలీసు తరఫునా వచ్చింది. ఎనిమిది దళాలుంటే, 'ఆ జబ్బు పక్కవారికి, మాకు కాదు' అని ఎనిమిదిమందీ వేళ్ళు చూపించుకునేవారు కారా? బాధ్యత ఒకచోట చేరినప్పుడు తప్పించుకునే దారులు కూడా తగ్గుతాయి. కేంద్రీకరణలో ఈ ఒక్క మంచి ఉంది: నిందించడానికి చిరునామా దొరుకుతుంది.

కాని చిరునామా దొరికినా తలుపు తెరుచుకోవడానికి ఏళ్ళు పడుతుంది. 2015 మేలో కర్కాల్డీ పట్టణంలో, చిన్నతనంలో ఆఫ్రికా నుంచి వలస వచ్చి స్థిరపడిన ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసులు నేలకు అదిమిపట్టారు, అతడు మరణించాడు. పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషనరు పదవి విలీనంతోపాటే ఏర్పడి ఉంది. అయినా బహిరంగ విచారణలో సాక్ష్యాలు మొదలైంది 2022లో, ఏడేళ్ళ తర్వాత. ఆ ఏడేళ్ళూ ఆ కుటుంబం అడిగినది ఒకే ప్రశ్న: ఎందుకు?

6

మళ్ళీ ఆ మాటకే వచ్చాం. ఎందుకు? సోదాచేసిన పిల్లవాడు, తుపాకి చూసిన పట్టణవాసి, గట్టు కింద మూడు రోజులు పడి ఉన్న యువతి తల్లిదండ్రులు, సమ్మెచేసిన కార్మికుడు, చనిపోయినవాడి అక్కచెల్లెళ్ళు, అందరూ ఈ ఒక్కమాటే అడిగారు. దళం ఒకటా ఎనిమిదా అన్నది పాలకుల ప్రశ్న. ఎందుకన్నది ప్రజల ప్రశ్న. నైతికతత్వం ఏదైనా ఉంటే అది రెండో ప్రశ్న నుంచి పుట్టాలి.

బలప్రయోగానికి, తక్కిన ప్రభుత్వ పనులకూ ఒక భేదం ఉంది. రోడ్డు సరిగా వేయకపోతే మళ్ళీ వేయవచ్చు. మనిషి మీద పడిన దెబ్బను వెనక్కి తీసుకోలేము. అందుచేత బలం ప్రయోగించేవాడు కారణం చెప్పడానికి ఇతరుల కంటే ఎక్కువగా బద్ధుడు. ఆ కారణం దెబ్బ తగిలినవాడికి అర్థమయ్యే భాషలో, అతడికి వినపడే దూరంలో, కాదంటే నిర్ణయం మార్చుకోవలసిన వాడి నోటి నుంచి రావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పోలీసు ప్రజలది కాదు. అది ఎడింబరోలో ఉన్నా ఒకటే, ఊరి చావడిలో ఉన్నా ఒకటే.

ఇక్కడ నెదర్లాండ్సు మనకు కొంత నేర్పుతుంది. అక్కడ కూడా దళాలను ఒకటి చేశారు. మొదటి ఏళ్ళలో అక్కడా తికమకలు తప్పలేదు. కొత్తసంస్థ సిబ్బందిని సర్దుకోవడానికే ఏళ్ళు పట్టింది. కాని వారు రెండు అధికారాలను విడదీశారు. జీతాలు, బండ్లు, శిక్షణ, యంత్రాలు కేంద్రానివి. పట్టణంలో శాంతిభద్రతల కోసం పోలీసును ఎట్లా వాడాలనే ఆజ్ఞ మటుకు ఆ పట్టణ మేయరుది. నేరం దర్యాప్తులో ఆజ్ఞ ప్రభుత్వ ప్రాసిక్యూటరుది. మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోరు, రాజశాసనం ద్వారా నియామకం జరుగుతుంది. ఆ లోపం చిన్నది కాదు. అయినా పట్టణ మండలి మేయరును నిలబెట్టి అడగవచ్చు, ఆయన జవాబు చెప్పాలి. స్కాట్లండులో 32 స్థానిక మండలులున్నాయి. ఒక్కొక్కదానికీ పోలీసు ప్రణాళిక తయారుచేసి ఆమోదం కోసం పంపుతారు, అభిప్రాయం అడుగుతారు. కాని ఆ అభిప్రాయం తలదాల్చవలసిన బాధ్యత ఛీఫ్ కానిస్టేబులుకు లేదు. ఒకచోట ప్రశ్న వెనక అధికారం కొంత ఉంది; మరొకచోట ప్రశ్న వెనక మర్యాద మాత్రమే ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నైపుణ్యం అందరిదీ కావాలి. దానికి కేంద్రం అవసరమైతే కేంద్రం ఉండవలసిందే. ఆ నైపుణ్యాన్ని, ఆ బలాన్ని ఒక ఊళ్ళో ఎట్లా వాడాలనే విషయంలో ఆ ఊరికి, ముఖ్యంగా ఆ ఊళ్ళో నోరులేనివారికి, మాట ఉండాలి. ఆ మాటకు చట్టంలో విలువ ఉండాలి. తప్పు జరిగినప్పుడు విచారించేవాడు మటుకు ఆ ఊరి పెద్దకూ, రాజధానిలోని పెద్దకూ ఇద్దరికీ లొంగనివాడై ఉండాలి. ఏడేళ్ళు ఆగకుండా పలికేవాడై ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే దళాల సంఖ్య అన్నది వట్టి లెక్కల విషయమవుతుంది. ఇవి లేనప్పుడు ఎనిమిదిని ఒకటి చేసినా, ఒకటిని ఎనభై చేసినా, మారేది టోపీ మీది బిళ్ళ.

ఇది ఒక్క చట్టంతో వచ్చేది కాదు. 'సమ్మతి సోదా'ను రద్దు చేయించింది పార్లమెంటు దయ కాదు. ఒక పరిశోధకురాలు లెక్కలు బయటపెట్టింది, పత్రికలు అచ్చువేశాయి, తల్లిదండ్రులు అడిగారు. ఇన్వర్నెస్‌లో సాయుధులను మామూలు పనులకు పంపడం మాన్పించింది అధికారుల పశ్చాత్తాపం కాదు; ఆ పట్టణం ఊరుకోకపోవడం. వినపడే దూరమనేది కొలబద్దతో కొలిచేది కాదు. ప్రజలు ఎంత గట్టిగా అడిగితే అంత మేరకు రాజ్యం చెవి దగ్గరవుతుంది. అడగడం మానేసిన రోజున ఇంటి ముందరి ఠాణా కూడా వేయి ఆమడల దూరం జరుగుతుంది.